గంగమ్మ పూసుకున్న పసుపు

మా వీధి మలుపులోని బోరింగు నీళ్ళు పచ్చబడుతున్నాయని పెద్దవాళ్ళలో మొదట పైకి అన్నది తార. ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడుపుకొనే మనిషి. భర్త దుబాయిలో పనికి వెళ్ళి రెండేళ్ళయింది. మధ్యలో ఒక్కసారి సెలవుమీద వచ్చి పోయాడు. ఇంటిలో అత్త చిన్నవ్వ, ఎనిమిదో తరగతి చదివే కూతురు కృతిక. పుష్యమాసంలో తారకు మగబిడ్డ కలిగాడు. ఇరవై ఒకటో నాడు బాలింత బావికి పూజ చేసి, చేద వేసి, తొలి నీరు తోడడం మా వైపు ఆచారం. మా ఆర్మూరులో బావులు పూడిపోయి చాలాకాలమైనా ఆచారం పూడిపోలేదు. ఇప్పుడు ఆ పూజ బోరింగుకే జరుగుతున్నది.

నేను ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితునిగా పనిచేసి విరమించినవాణ్ణి. నా ఇల్లూ ఆ వీధిలోనే. అటువంటి శుభకార్యాలకు నాలుగు మంత్రాలు చెప్పమని నన్నే పిలుస్తారు. ఆనాడు బోరింగు మెడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, తార చేత పిడి కొట్టించాము. నేను మంత్రం చెప్పి మూడు పుడిసిళ్ళ నీరు ఆమె చేతిలో పోశాను. తార దోసిలి వైపు చూసి ఆగింది.

"సారూ, నీళ్ళు జర పచ్చగున్నయి."

చిన్నవ్వ నవ్వింది. "పచ్చగుండక నల్లగుంటయానే? నీకు కొడుకు పుట్టిండని గంగమ్మ పసుపు పూసుకున్నది. తాగు, తాగు."

"గంగమ్మ గింత పసుపు పూసుకుంటే మన ఇండ్లల్ల కొనే పని లేదు గదా," అన్నది పక్కింటి రత్నవ్వ. ఆడవారందరూ పకపక నవ్వారు.

తార నా ముఖం చూసింది. నేను అన్నాను: "పసుపు శుద్ధిద్రవ్యం తల్లీ. శంక పెట్టుకోవద్దు."

ఆమె తాగింది.

ఆ నీటిలోకి పచ్చదనం ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. తెలుసుననే అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం ఆ బోరింగు ఎండిపోవచ్చింది. పిడి పాతిక సార్లు కొడితే గాని చెంబెడు నీరు పడేది కాదు. అప్పటికే నేను శనివారాల్లో మా వీధి పాఠశాలకు వెళ్ళి పిల్లలకు నీటి పాఠం చెబుతుండేవాణ్ణి. సైన్సు టీచరు సుష్మిత ఆ పాఠానికి నన్ను పిలిచింది. "నేను చెప్తే పరీక్షల కోసం రాసుకుంటరు సార్. మీరు చెప్తే ఇంటికాడ చెప్పుకుంటరు," అన్నది. పెళ్ళి విందుల్లో సగం తిని వదిలే విస్తళ్ళు, సగం తాగి పారవేసే నీళ్ళ పొట్లాలు, కూరగాయలు కడిగిన నీరు చెట్టుకు పోయడం, వాననీటిని నేలలోకి దింపడం, ఇవే మా పాఠాలు. ఆ యేడు ఆషాఢంలో పిల్లలే పలుగూ పారా పట్టి బోరింగు పక్కన ఇంకుడు గుంత తవ్వారు. అడుగున పెద్దరాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక పరిచారు. గుంత పక్క గోడమీద రాయడానికి ఒక పద్యం కావాలన్నారు. ఆటవెలది కట్టి ఇచ్చాను.

వాన చుక్క నొడిసి పట్టుము గుంతలో
నేల తల్లి కడుపు నిండి మురియ
నొక్క బొట్టునైన నూరక పోనీకు
పుట్టు బిడ్డ కొరకు పోగు చేయు

కృతిక అప్పుడు ఐదో తరగతి. నిచ్చెన ఎక్కి పెద్ద అక్షరాలతో రాసినది ఆ పిల్లే.

వానలు ఆ యేడు సరిగా కురవలేదు. గుంత పొడిగానే ఉన్నది. గుంతకు ఎగువన దినకర్ పసుపు గోదాము ఉన్నది. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టి తెచ్చిన కొమ్ములను అక్కడ పెద్ద డ్రమ్ములలో వేసి తిప్పి, పైతోలు రాల్చి, పాలిష్ పెడతారు. చివరి తిప్పుడులో నీళ్ళలో రంగు కలిపి చల్లితే కొమ్ము బంగారంలా మెరుస్తుంది. ఆ డ్రమ్ములు కడిగిన నీరు వీధిలో పారి బురదయ్యేది. ఆడవారు తిట్టుకునేవారు. ఒక శనివారం పిల్లలతో ఆ బురద పక్కన నిలబడి ఉండగా నాకే ఆలోచన వచ్చింది. ఇన్ని బిందెల నీరు ఊరకే పోతున్నది. పైగా అది పసుపు నీరు. గడపలకు పూసేది, శుభకార్యానికి చల్లేది, గాయానికి అద్దేది. అది నేలలో ఇంకితే చెడుపేమున్నది? గోదాము తూము నుంచి గుంతదాకా కాలువ తవ్వుదామన్నాను.

పిల్లలు ఒక్క పూటలో తవ్వేశారు. మరుసటి యేడు బోరింగు పది దెబ్బలకే నీరిచ్చింది. ఆ పని పిల్లలకు ఒక ప్రదర్శనలో బహుమతి తెచ్చిపెట్టింది. సీజనులో నీరు కొంచెం పచ్చగా కనిపించినప్పుడు పిల్లలు అడిగితే, "కాచి, గుడ్డతో వడపోసి తాగండి, చాలు," అని పాఠం చెప్పాను.

ఫాల్గుణం చివర, మార్చి ఆఖరి శనివారం, స్వచ్ఛమైన నీరు అనే పాఠం. పిల్లలకు వేడుకగా ఒక పరీక్ష చూపాలనుకున్నాను. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మన ఇళ్ళలో పారాణి కలిపేది అట్లాగే. బోరింగు నీటిలో సున్నం వేస్తే ఎర్రబడుతుంది, అప్పుడు ఆ పచ్చదనం పసుపుదేనని పిల్లలు కళ్ళారా చూస్తారు. ఇదే నా ఉద్దేశం. కృతిక తన నాయనమ్మ తమలపాకుల డబ్బాలోంచి సున్నం తెచ్చింది. రెండు గాజు గ్లాసులు పెట్టాము. ఒకదానిలో బోరింగు నీరు, ఇంకొకదానిలో మంచినీటిలో చిటికెడు ఇంటి పసుపు.

ఇంటి పసుపు కలిపిన గ్లాసులో సున్నం వేయగానే నీరు ఎర్రబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"సార్, గిప్పుడు బోరింగుల సున్నం పోస్తే వీధి మొత్తం పారాణే," అన్నది రుచిత, కృతిక పక్కన కూర్చునే పిల్ల.

బోరింగు నీటిలో సున్నం వేశాను. తెల్లని మడ్డి అడుగుకు దిగింది. నీరు పచ్చగానే ఉన్నది. ఇంకొంచెం వేశాను. కలిపాను. పచ్చగానే ఉన్నది.

"సున్నం పాతదేమో సార్," అన్నది రుచిత.

"అదే సున్నం గదనే రెండిట్లనూ," అన్నది కృతిక.

సుష్మిత గ్లాసును కిటికీ వెలుగుకు పట్టి చూసింది. ఆమె ముఖంలో రంగు మారడం నేను చూశాను. "సార్, ఇది పసుపు కాదు," అన్నది మెల్లగా. "పాలిష్‌ల వేసే రంగు. గా రంగుల సీసం ఉంటది."

కృతిక లేచి నిలబడింది.

"సార్, మా అమ్మకు పాలు పడుతలేవు. తమ్మునికి డబ్బా పాలు గా నీళ్ళల్లనే కలుపుతున్న. మీరు చెప్పినట్టే పది నిమిషాలు కాగబెట్టి, గుడ్డతోని వడపోసి."

"ఎన్ని రోజుల సంది?" అని అడిగింది సుష్మిత.

"నెల దాటింది మేడం."

సుష్మిత నాతో పక్కకు వచ్చి చెప్పింది. కాచితే క్రిములు పోతాయి గాని సీసం పోదు. నీరు ఆవిరవుతుంది, విషం గిన్నెలో మిగులుతుంది. ఎంత కాచితే అంత చిక్కబడుతుంది. ఆమె మాటలు తక్కువ స్వరంతోనే చెప్పింది. కాని కృతిక మా వెనుకే నిలబడి ఉన్నది. విన్నది.

"అంటే నేను కాగబెట్టకుంటే తమ్మునికి తక్కువ పోయేదా సార్?"

నిత్యం మూడు పూటలా నీటిని చేతపట్టి, సత్యం తప్పనని సంకల్పం చెప్పుకునేవాణ్ణి నేను. ఆ పిల్లకు, "తెలియదు తల్లీ," అన్నాను. నాకు తెలుసు.

ఆ సాయంత్రమే దినకర్ గోదాముకు వెళ్ళాను. నా దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూడగానే లేచి, కుర్చీ తుడిచి వేశాడు. నేను గ్లాసు సంగతి చెప్పాను. అతడు కాదనలేదు.

"రంగు నేనొక్కణ్ణే వేస్తున్ననా పంతులు గారూ? కొమ్ము మెరవకపోతే కొనేటోడు చెయ్యి పెట్టడు. మీ మొకం జూసి నేను రంగు మానితే, నా సరుకు ఈడ్నే పురుగు పడుతది."

"నీ నీళ్ళు పసిబిడ్డ పాలలోకి పోయినయి దినకర్."

అతడు తలుపులోంచి కాలువ వైపు చేయి చూపాడు. ఆపైన అన్నాడు: "నేను వీధిల పారబోసుకునేటోణ్ణి. కాలువ నేను తవ్విననా? మీ పిల్లలు తవ్విండ్రు. మీరు నిలబడి తవ్వించిండ్రు. ఆ దినం నేను గోడకాడ నిలబడి, మా సారు ఎంత తెలివైనోడు అనుకున్న."

నేను కుర్చీలోంచి లేచాను.

"రేపటి సంది ఆపుత. మీ మాట కాదంటనా? సీజను సుత అయిపోవచ్చింది," అన్నాడు. పనివాణ్ణి పిలిచి నాకు చాయ్ తెమ్మన్నాడు. నేను తాగకుండా వచ్చాను.

మరునాడు పిల్లలూ నేనూ కలిసి కాలువ పూడ్చాము. గుంత పైన మన్ను వేశాము. పని అయిన తర్వాత సుష్మితను అడిగాను: "ఇక కిందికి దిగిన సీసం ఎప్పటికి పోతుంది?"

"మూడేండ్లు దింపినం సార్. మన్ను పైన వేస్తే కింద ఉన్నది పోదు. ఎన్నేండ్లు పడుతదో నాకు తెల్వదు. చెప్పేటోళ్ళు ఎవరన్న ఉన్నరో లేరో అది సుత తెల్వదు."

ఆమే సీసాలలో నీరు పట్టి పరీక్షకు పంపింది. ఆ రోజు నుంచే బిడ్డ పాలకు బోరింగు నీరు ఆపించాము. పదిహేను రోజులకు కాగితం వచ్చింది. సీసం ఉండవలసినదాని కంటే ఎన్నో రెట్లు ఉన్నది. ఆ కాగితం పట్టుకొని తారనూ బిడ్డనూ నిజామాబాదు దవాఖానకు తీసుకుపోయాము. కృతిక బడి మానుకొని వచ్చింది. బస్సులో దారి పొడుగునా బిడ్డను ఒడిలో పెట్టుకొని, వాడి పిడికిలి విప్పి గోళ్ళు చూస్తూ కూర్చున్నది.

పిల్లల డాక్టరు నెమ్మదస్తుడు. వాడి రక్తం తీసి పంపి, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. రెండోసారి కాగితం చూసి చెప్పాడు: "రక్తంలో సీసం ఉన్నది. ఇంతమాత్రానికి దవాఖానలో పడుకోబెట్టి మందు ఎక్కించం. ఆ నీళ్ళు ఆపడమే మందు. కలిపే పాలకు మంచి నీళ్ళు వాడండి. మూడు నెలలకు మళ్ళీ చూద్దాం."

"ఏమయితది సార్ పిల్లగానికి?" తార అడిగింది.

"ఇప్పుడు చెప్పలేనమ్మా. ఏమీ కాకపోవచ్చు. మాటలు ఎప్పుడు వస్తాయో, నడక ఎట్లా ఉంటుందో, బడికి పోయినాక చదువు ఎట్లా ఎక్కుతుందో, పెరిగే కొద్దీ చూడాలి."

"బడికి పోయినాక అంటే ఇంక ఐదేండ్లు," అన్నది తార. ఆమె ఏడవలేదు. ఐదేళ్ళు ఎట్లా ఎదురు చూడాలో అంచనా వేసుకుంటున్నట్టు కూర్చున్నది.

వీధిలో ఈ సంగతి పాకింది. పురపాలక సంఘం వాళ్ళు వచ్చి బోరింగు పిడి ఊడదీసి, గొట్టానికి ఎర్రరంగు పూసి పోయారు. వాళ్ళు వదిలే నల్లా నీరు మా వీధికి రెండు రోజులకు ఒకసారి వస్తుంది. ఎండలు ముదిరితే మూడు రోజులకు. అది వంటకూ పశువులకూ చాలదు. నాలుగోనాటికి ఎవరో పాత పిడి తెచ్చి తగిలించారు. ఎవరని అడిగితే అందరూ అందరివైపూ చూపారు.

"సీసమో గీసమో, గొంతు ఎండితే ఎవనికి యాదికుంటది పంతులూ?" అన్నది రత్నవ్వ.

ఫిల్టరు నీళ్ళ దుకాణం బస్టాండు దగ్గర ఉన్నది. ఎండాకాలం రద్దీకి ఒక్కసారికి మనిషికి ఒక్క డబ్బా మాత్రమే ఇస్తారు. కరెంటు పోతే అదీ లేదు. నేను పొద్దున్నే సంధ్య వార్చుకొని సైకిలు తీసుకొని బయలుదేరి, గంట సేపు వరుసలో నిలబడి, వెనుక డబ్బా కట్టుకొని నడిపించుకుంటూ వచ్చేవాణ్ణి. ఆ డబ్బా తార ఇంటికి. మేము నల్లా నీరు పట్టి దాచుకున్నదే తాగేవాళ్ళము. అది తీరిపోయిన రోజున బోరింగు నీరే. నా భార్య కమలాబాయి ఒక్క మాటే అన్నది. "మన కడుపులు డెబ్బై యేండ్లవి. గా పిల్లగానిది మూడు నెలలది. పోండి."

వీధి అరుగులమీద బీడీలు చుడుతూ ఆడవారు నన్ను చూసి నవ్వేవారు. "పంతులు మంత్రాలు ఇడిచిపెట్టి నీళ్ళు మోసే పని పట్టుకున్నడే," అనేవారు. ఆ నవ్వులో ద్వేషం లేదు. కొన్ని రోజులకు ఆ నవ్వు కూడా ఆగింది. సైకిలు కదులుతుంటే అందరి చూపులు డబ్బా మీదనే ఉండేవి.

వైశాఖంలో ఒక పొద్దున. నల్లా నీరు రాకుండా మూడో రోజు. డబ్బాతో వీధిలోకి తిరిగేసరికి రత్నవ్వ దారికి అడ్డంగా నిలబడి ఉన్నది. చంకన బిందె. బిందెలో బోరింగు నీరు.

"ఆ నీళ్ళు వద్దు రత్నవ్వా," అన్నాను.

"ఏ నీళ్ళు తాగాల్నో చెప్పు మరి. నా కోడలికి ఏడో నెల. తెల్సు గదా నీకు? ఆమె కడుపుల ఉన్నదానికి సీసం పోదా? ఒక్క తార కొడుక్కే పోతదా?"

"పోతుంది," అన్నాను.

"మరి మాకేది?"

సైకిలు పట్టుకొని నిలబడ్డాను. ఆమె కోడలు గడపలో తలుపు చాటున నిలబడి చూస్తున్నది. ఇరవై యేళ్ళు ఉంటాయేమో. పిలవకుండానే తార ఇంటి తలుపు తెరుచుకొని కృతిక బయటికి వచ్చింది. మమ్మల్నీ, డబ్బానూ చూసింది. లోపలికి పోయి స్టీలు బిందె తెచ్చింది.

"పోయండి సార్. సగం వాళ్ళకు."

"నీ తమ్మునికి?"

"పోయండి సార్."

సగం పోశాను. రత్నవ్వ తన బిందెలోని నీరు వీధిలో పారబోసి, కొంగుతో లోపల తుడిచి, స్టీలు బిందె నీరు వంపుకొని పోయింది. అప్పటికే ఎదురింటి గడపలో ఒక ముసలామె గిన్నె పట్టుకొని నిలబడింది. ఆమె పక్కింటి నుంచి ఇంకొకామె, ఒక చేత బిడ్డ, ఒక చేత చెంబు. ఎవరూ అడగలేదు. ఊరికే నిలబడ్డారు.

నేను పోశాను. ఎంత పోయాలో తెలియక, చెంబు చెంబుకూ ఆగి ఆగి పోశాను. కృతిక డబ్బా కింద చేయి పెట్టి పట్టుకున్నది. మధ్యలో ఒకసారి, "ఇగ చాలు సార్," అన్నది. ఇంకొకామె వచ్చింది. కృతిక డబ్బా పైకెత్తి వెలుగులో చూసింది.

"ఇగ మూడు సార్ల పాలకే వస్తయి సార్."

"రాత్రిదాకా వస్తాయా?"

"రావు."

లోపల బిడ్డ ఏడుపు మొదలైంది. ఆకలి ఏడుపు. తార సముదాయిస్తున్నది. కృతిక డబ్బాను గుండెకు హత్తుకొని లోపలికి పోయింది.

తార ఇంటి ముందున్న ఖాళీ డబ్బా కట్టుకొని నేను సైకిలు వెనక్కి తిప్పాను. బస్టాండు దగ్గరికి పోయేసరికి ఎండ నెత్తికెక్కింది. దుకాణం ముందు ఖాళీ డబ్బాలు వరుసగా పెట్టి జనం నీడకు జరిగి కూర్చున్నారు. కరెంటు ఎప్పుడు పోయిందని అడిగాను.

"గిప్పుడే పోయింది," అన్నాడు దుకాణంవాడు. "ఎప్పుడొస్తదో తెల్వదు. ఉంటే ఉండు పంతులూ."

నేను వరుస చివర నిలబడ్డాను.